ఓదార్పుకూ ఒక మర్యాద ఉంది

ఒంటికి జబ్బు చేసిన మనిషిని పరామర్శించడం మన సమాజానికి బాగా తెలుసు. నాలుగు బత్తాయిలో, రెండు కొబ్బరిబొండాలో చేతపట్టుకొని వెళతాము. మంచం పక్కన కాసేపు కూర్చుంటాము. వైద్యుడు ఏమన్నాడో అడుగుతాము. స్వస్థత కోసం దుఆ చేసి వస్తాము. మనసుకు జబ్బు చేసిన ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివిడి అంతా ఎక్కడికో పోతుంది. కొందరు అసలు లోపలికే రారు. వచ్చినవారిలో చాలామంది నోటికి తోచిన సలహా ఒకటి ఇచ్చి, ఒక హితబోధ చేసి, బయటికి వెళ్ళాక ఆ సంగతిని మరొకరి చెవిన వేస్తారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఇళ్ళలో ఇలాంటి సందర్భాల్లో తరచుగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. “ఏటయిందే నీకు? తిండికి తక్కువా, బట్టకు తక్కువా?” అంటారు. “మాకు లేవా బాధలు?” అంటారు. “నమాజు సరిగ్గా చేస్తే ఇవేవీ ఉండవు” అంటారు. అన్నవారి ఉద్దేశం చాలాసార్లు మంచిదే. విన్నవారు మాత్రం ఆ రోజు నుంచి నోరు తెరవడం మానేస్తారు. లోపలి బాధ లోపలే ముదురుతుంది. ప్రమాదం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

బాధలో ఉన్నవారి నడుమ, వారికి తోడుగా కూర్చున్నవారి నడుమ మాట ఎలా ఉండాలి? ఆ మాటకు హద్దులు ఎవరు కాపాడాలి? ఈ రెండు ప్రశ్నలను పాఠకుల ముందు ఉంచడమే మా ఉద్దేశం.

ఉత్తరాంధ్ర మోస్తున్న బరువు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. ఉద్దానంలోని కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటినవారు కాపు చూడటానికి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. నష్టపరిహారపు లెక్కలో చెట్టుకు ఇంత అని ఒక ధర కట్టవచ్చు. తాత నాటిన తోట ఒక్క రాత్రిలో పోయినప్పుడు ఆ ఇంటి పెద్ద మనసులో ఏమి కూలిందో రాసుకోవడానికి ఆ దస్త్రంలో గడి ఉండదు.

ఇదే ఉద్దానాన్ని మూత్రపిండాల వ్యాధి రెండు దశాబ్దాలకు పైగా పీడిస్తున్నది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ వ్యాధి లేని ఊరిని వెతుక్కోవలసిన పరిస్థితి. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంతవరకు తేల్చి చెప్పలేకపోయారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానికి అనుబంధంగా పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ మీద బతుకుతున్నవారు వారానికి రెండు మూడుసార్లు, వెళ్ళిన ప్రతిసారీ సుమారు నాలుగు గంటలపాటు యంత్రం పక్కన ఉండాలి. ఒకే రోజు, ఒకే వేళ, పక్కపక్క పడకల మీద అవే ముఖాలు కనిపిస్తాయి. ఎవరూ నమోదు చేయకుండానే అక్కడ ఒక సమూహం ఏర్పడుతుంది. ఒక వారం ఒక పడక ఖాళీగా కనిపిస్తుంది. మిగిలినవారు ఆ పడక వంక చూస్తారు. ఆ రోజు ఆ గదిలో ఎవరు ఏ మాట మాట్లాడాలి? ఏ మాట మాట్లాడకూడదు? మందుల చీటీలో దీనికి సమాధానం దొరకదు.

2018 నవంబరులో బతుకుతెరువు కోసం గుజరాత్ తీరానికి వెళ్ళిన ఉత్తరాంధ్ర జాలర్లు పాకిస్తాన్ బలగాల చేతికి చిక్కారు. 20 మంది ఆంధ్ర జాలర్లు 2020 జనవరి 6న వాఘా సరిహద్దు మీదుగా స్వదేశం చేరుకున్నారు. ఏడాదికి పైగా వారి ఇళ్ళలో భార్యలు, తల్లులు కబురు కోసం ఎదురుచూశారు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజరు రైళ్ళు ఢీకొని పదిమందికి పైగా మరణించారు. ఇటువంటి ప్రమాదాల నుంచి ప్రాణాలతో బయటపడినవారిని “అదృష్టవంతులు” అని అందరూ అంటారు. గాయాలు మానిన తరువాత కూడా నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే గుండె అదరడం, ప్రయాణమంటే వణుకు పుట్టడం వారిలో చాలామందికి తప్పదు. అదృష్టవంతులని పిలిపించుకున్నవారు తమ బాధను ఏ నోటితో చెప్పుకుంటారు?

ఈ రెండు జిల్లాల్లో ముస్లిముల సంఖ్య చాలా స్వల్పం. ఒక పట్టణంలో నలుగురు పెద్దలకు దాదాపు అన్ని కుటుంబాలూ తెలుసు. ఎవరి అమ్మాయికి ఎక్కడ సంబంధం చూస్తున్నారో, ఎవరి అబ్బాయి ఏ దేశంలో ఉన్నాడో అందరికీ తెలుసు. కష్టం వచ్చినప్పుడు ఈ దగ్గరితనమే మన బలం. మనసు జబ్బు విషయంలో ఇదే మన భయం కూడా. వైద్యుని దగ్గరికి వెళ్ళినట్టు తెలిస్తే చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందేమోనని నోరు మెదపని అన్నలు, కాపురం చెడుతుందని దాచుకునే కోడళ్ళు మన మధ్యనే ఉన్నారు.

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. పెద్దవారిలో సుమారు 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు, వ్యాధిని బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందనట్టు అందులో తేలింది. ఆ 12 రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ లేదు. అయినా ఆ అంకెలు మనకు పరాయివి కావు. చికిత్స అందకపోవడానికి వైద్యుల కొరత ఒక కారణం. బయటికి చెబితే ఏమంటారోనన్న భయం మరొక కారణం. మొదటిదాన్ని తీర్చవలసింది ప్రభుత్వం. రెండవదాన్ని మనమే తీర్చుకోవాలి.

దుఃఖాన్ని విశ్వాసంతో తూచకండి

“ఈమాన్ గట్టిగా ఉంటే మనసు కుంగదు” అన్న మాట మన ఇళ్ళలో తరచుగా వినబడుతుంది. దివ్యఖుర్ఆన్‌లో యూసుఫ్ అధ్యాయం చదివినవారు ఈ మాట అనడానికి జంకాలి. యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని ఎడబాటుతో ఎంతగా దుఃఖించారంటే ఆయన కళ్ళు తెల్లబారిపోయాయి. ఆయన ప్రవక్త. ఆయన సహనాన్ని శంకించగలవారెవరు? ఆయన తన వేదనను దైవం ముందు మొరపెట్టుకున్నారు. ఆయన చుట్టూ ఉన్నవారు మాత్రం ఇంకా ఎంతకాలం ఆ కొడుకునే తలుచుకుంటావని విసుక్కున్నారు. ఆ విసుగుదల నేటికీ మన నోళ్ళలో సజీవంగా ఉంది.

పదవ శతాబ్దంలో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ సంబంధించిన ఆరోగ్య సూత్రాలను ఒకే గ్రంథంలో చర్చించారు. దుఃఖాన్ని ఆయన రెండు రకాలుగా విభజించారు. ఒకదానికి కారణం స్పష్టంగా కనిపిస్తుంది. ఆప్తుల మరణం, ఆస్తి నష్టం వంటివి ఇందులోకి వస్తాయి. రెండవదానికి పైకి కారణం ఏదీ కనిపించదు. దాని మూలం శరీరంలోనే ఉండవచ్చని, దానికి తగిన వైద్యం చేయాలని ఆయన వివరించారు. వెయ్యేళ్ళ క్రితమే ఒక ముస్లిం పండితుడు గుర్తించిన ఈ తేడాను నేడు మనం మరచిపోయి, కారణం కనిపించని దుఃఖాన్ని కొవ్వనో, బద్ధకమనో, నాటకమనో కొట్టిపారేస్తున్నాము.

ప్రార్థన మనసుకు ఊరటనిస్తుంది. ఇందులో విశ్వాసికి సందేహం లేదు. నమాజు చేసుకుంటూ చక్కెర వ్యాధికి మందు వేసుకునేవారిని మనం తప్పుపట్టము. అదే న్యాయం మనసుకు వేసుకునే మందుకూ వర్తించాలి.

విన్నందుకే తేలికైన గుండెలు

1953 నవంబరులో లండన్‌లో చాద్ వరా అనే చర్చి మతాధికారి, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనతో సతమతమయ్యేవారి కోసం ఒక టెలిఫోను సేవను ప్రారంభించారు. ఆయనను కలుసుకోవడానికి వచ్చేవారు బయట గదిలో వేచి ఉండేవారు. వారికి టీ ఇచ్చి, పక్కన కూర్చుని మాట్లాడటానికి కొందరు స్వచ్ఛంద సేవకులు ఉండేవారు. కొద్దికాలానికే ఆయనకు ఒక సంగతి అర్థమైంది. బయట సేవకులతో మాట్లాడిన తరువాత చాలామందికి లోపలికి వచ్చి తనతో మాట్లాడవలసిన అవసరమే కలగడం లేదు. 1954 ఫిబ్రవరిలో ఆయన ఆ పనిని సేవకులకే అప్పగించారు. సమారిటన్స్ పేరుతో ఆ సేవ నేటికీ నడుస్తున్నది. ఆ సేవకులు మనోవైద్యులు కారు. వారు బోధించరు, తీర్పు చెప్పరు, విన్నది బయట పెట్టరు. వారి శిక్షణలో ప్రధాన భాగం నోటిని అదుపులో పెట్టుకోవడమే.

ఆఫ్రికాలోని జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మనోవైద్యుడు 2006లో ఇలాంటి పనినే మరొక దారిలో మొదలుపెట్టారు. దేశంలో మనోవైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉన్నారు. అందుచేత ఆయన హరారే నగరంలోని నానమ్మలకు, అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చారు. ఆరోగ్య కేంద్రాల ఆవరణలో ఒక చెక్క బల్ల వేసి, దాని మీద కూర్చుని వచ్చినవారి మాట వినడం వారి పని. అక్కడి షోనా భాషలో మనోవ్యాకులతకు వాడే మాటకు ‘అతిగా ఆలోచించడం’ అని అర్థం. మన పల్లెల్లో “ఆలోచనలు ఎక్కువైపోయాయి” అన్నట్టే. 573 మందిపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆ బల్ల మీద కూర్చుని మాట్లాడుకున్నవారికి ఆరు నెలల తరువాత వ్యాధి లక్షణాలు ఇతరులకన్నా స్పష్టంగా తగ్గినట్టు తేలింది.

ఈ రెండు ఉదాహరణల్లోనూ ఆదరణ వెనుక ఒక కట్టుబాటు ఉంది. టీ ఇచ్చిన సేవకులకు గానీ, బల్ల మీది అమ్మమ్మలకు గానీ తోచినట్టు మాట్లాడే స్వేచ్ఛ లేదు. ఏది అడగాలో, ఎక్కడ ఆగాలో, ఎవరిని ఎప్పుడు వైద్యుని దగ్గరికి పంపాలో వారికి నేర్పారు. కట్టుబాటు లేని దయ అప్పుడప్పుడు గాయపరుస్తుంది.

ఒక పంచసూత్రం

మన ఉత్తరాంధ్ర మహిళలకు వలయంగా కూర్చుని మాట్లాడుకోవడం కొత్త కాదు. డ్వాక్రా అని వాడుకలో పిలిచే స్వయం సహాయక సంఘాలు ఆ క్రమశిక్షణను ఊరూరా అలవాటు చేశాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులు ఇచ్చుకోవడం, సకాలంలో తిరిగి చెల్లించడం, పుస్తకాలు సక్రమంగా రాయడం అనే పంచసూత్రాలు చదువురాని అక్కచెల్లెళ్ళకు కూడా కంఠతా వచ్చు. రూపాయి విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉండగలిగినవారు కన్నీటి విషయంలో ఉండలేరా? నలుగురైదుగురు స్త్రీలు గానీ, పురుషులు గానీ ఒకరి బాధ ఒకరు వినడానికి వారానికి ఒక గంట కూర్చోదలిస్తే, ఈ కింది ఐదు నియమాలతో ఆ కూడికను నడపవచ్చునని మా అభిప్రాయం.

మొదటిది: ఇక్కడి మాట ఇక్కడే ఉండాలి. కూడికలో విన్నది అమానతు. భర్తకు గానీ, అత్తగారికి గానీ, ప్రాణస్నేహితురాలికి గానీ చెప్పరాదు. పేరు తీసేసి చెప్పినా చిన్న ఊళ్ళో ఎవరి సంగతో ఇట్టే తెలిసిపోతుంది. “ఆమె కోసం దుఆ చేయండి” అంటూ నలుగురికీ చాటడం కూడా రహస్యాన్ని బయట పెట్టడమే.

రెండవది: వంతు ప్రకారం మాట్లాడాలి. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు అందుకోరాదు. మాట్లాడటం ఇష్టం లేనివారు ఊరక కూర్చునే హక్కు ఉండాలి. కళ్ళనీళ్ళు పెట్టుకున్నవారిని “ఊరుకో, ఊరుకో” అని తొందరపెట్టరాదు. ఏడుపు ఆగాలని మనం తొందరపడేది చాలాసార్లు మన ఇబ్బంది తీరడం కోసమే.

మూడవది: అడగని సలహా ఇవ్వరాదు. ముఖ్యంగా మందుల జోలికి పోరాదు. “నేను ఆ మాత్ర మానేశాను, హాయిగా ఉన్నాను” అన్న ఒక్క మాట విని మరొకరు తన మాత్ర మానేస్తే, జరిగే అనర్థానికి ఎవరు జవాబుదారీ? నిద్రమాత్రలు, కుంగుబాటుకు వాడే మందులు వైద్యుని ప్రమేయం లేకుండా హఠాత్తుగా ఆపివేయడం ప్రమాదకరం. ఎవరి మందు సంగతి వారు, వారి వైద్యుడు చూసుకోవాలి.

నాలుగవది: పోల్చరాదు. తుపానులో తోట పోయినవారి బాధ పెద్దదా, బిడ్డ పరీక్ష తప్పినవారి బాధ పెద్దదా అని తూచడానికి మన దగ్గర తక్కెడ లేదు. “ఫలానావారికి ఇంతకన్నా పెద్ద కష్టం వచ్చింది, వారు నవ్వుతూ తిరగడం లేదా?” అన్న మాట కష్టంలో ఉన్న మనిషికి కష్టంతోపాటు సిగ్గును కూడా అంటగడుతుంది.

ఐదవది: ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మొదటి నియమానికి మినహాయింపు ఉంది. ఈ సంగతి కూడికలో చేరిన తొలిరోజే అందరికీ చెప్పాలి. ఎవరైనా బతకాలని లేదని అంటే, విననట్టు నటించి మాట మార్చరాదు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నదా అని నెమ్మదిగా, సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. అడిగినవారికి చాలామంది మనసు విప్పుతారు. వారిని ఒంటరిగా వదలకుండా, ఇంట్లో ప్రమాదకరమైన వస్తువులు అందుబాటులో లేకుండా చూసి, వారు నమ్మే ఒకరికి చెప్పి, అదే రోజు వైద్య సహాయం అందేలా చూడాలి. మాట తప్పామన్న నింద పడటానికి సిద్ధపడైనా ప్రాణం కాపాడాలి.

హద్దు కాపాడేవారి గుణం

నియమాలు రాసుకోవడం సులువు. వాటిని కాపాడటానికి ఒకరు కావాలి. ఆ బాధ్యత తీసుకున్నవారి గుణాన్ని బట్టే ఆ కూడిక నిలబడుతుంది.

ఒకనాడు ఒక పల్లెటూరి అరబ్బు మదీనా మస్జిదులో ఒక మూల మూత్ర విసర్జన చేయసాగాడు. చూసినవారు ఆగ్రహంతో అతని మీదికి వెళ్ళబోయారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని ఆపారు. అతనిని పూర్తికానిమ్మన్నారు. తరువాత అక్కడ ఒక బక్కెట నీళ్ళు పోయించారు. ఆపై అతనికి మస్జిదు పవిత్రతను మృదువుగా తెలియజెప్పారు. ఈ సంఘటనలో మస్జిదు మర్యాద చెక్కుచెదరలేదు. తప్పు చేసిన మనిషి మర్యాద కూడా చెడలేదు. గదమాయించి ఉంటే అతను బెదిరిపోయేవాడు, మురికి మరింతగా వ్యాపించేది. హద్దు కాపాడేవారికి ఇంతకన్నా చక్కని ఆదర్శం మాకు తెలియదు.

బాధలో ఉన్నవారి కూడికలో కటువు మాట రావడం సహజం. నిద్రలేమి, భయం, మందుల ప్రభావం మనిషిని చిరాకుపరుస్తాయి. అటువంటివారిని పదిమందిలో మందలిస్తే వారు మళ్ళీ రారు. అందుచేత నిర్వాహకులు మాట మధ్యలోనే మెల్లగా అడ్డుపడి, “ఇది తరువాత మనమిద్దరం మాట్లాడుకుందాం” అని అక్కడికి ఆపాలి. కూడిక ముగిశాక ఆయనను పక్కకు పిలిచి సంగతి చెప్పాలి. ఆ మాటకు నొచ్చుకున్నవారిని కూడా అదే రోజు విడిగా పలకరించాలి. చాలామంది ఈ రెండవ పని మరచిపోతారు. తప్పు చేసినవారిని దిద్దడంలో పడి గాయపడినవారిని ఒంటరిగా ఇంటికి పంపుతారు.

బాధతో కటువుగా మాట్లాడేవారు వేరు, ఇతరుల బాధను వేడుకగా చూడటానికి వచ్చేవారు వేరు. విన్నవి ఊరంతా చెప్పేవారు, స్త్రీల బలహీన క్షణాలను అవకాశంగా తీసుకునేవారు, తాయెత్తులో, మందులో అమ్ముకోవడానికి వచ్చేవారు ఈ రెండవ కోవలోకి వస్తారు. వీరి విషయంలో మెతకదనం చూపడమంటే మిగిలినవారికి అన్యాయం చేయడమే. వీరిని మర్యాదగానే, అయితే ఆ రోజే, బయటికి పంపాలి. జబ్బు తీవ్రత వల్ల కూడికలో ఇమడలేనివారిని కూడా ఒక్కోసారి రావద్దని చెప్పవలసి రావచ్చు. అలా చెప్పేటప్పుడు వారిని వైద్యుని దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్ళే మనిషిని చూసి మరీ చెప్పాలి. తలుపు మూసేవారు మరొక తలుపు చూపించాలి.

నిర్వాహకుల మనసు కూడా మట్టితో చేసిందే. వారం వారం ఇతరుల దుఃఖం వినేవారికి కొన్నాళ్ళకు ఆ బరువు తమ గుండెల మీద తెలుస్తుంది. నిద్ర చెడుతుంది, విసుగు పెరుగుతుంది. డ్వాక్రా సంఘాల్లో నాయకత్వం వంతులవారీగా మారినట్టే ఇక్కడా ఈ బాధ్యత చేతులు మారుతూ ఉండాలి. అర్ధరాత్రి దాకా అందరికీ అందుబాటులో ఉండాలన్న పట్టుదల ఎవరికీ మేలు చేయదు.

దూరాన ఉన్నవారి సంగతి

గల్ఫ్ దేశాల్లో, చెన్నై, హైదరాబాదు నగరాల్లో పనిచేస్తున్న మన పిల్లలకు చుట్టూ కూర్చోవడానికి మనుషులు ఉండరు. వారికి ఫోనే దిక్కు. ఒకే ఊరివారు, ఒకే బంధుత్వంవారు కలిసి సందేశాలు పంపుకునే బృందాలు ఇప్పుడు దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఉన్నాయి. ముఖాముఖి కూర్చున్నప్పుడు ఎదుటివారి కళ్ళు చూసి మాట తగ్గిస్తాము. ఫోనులో ఆ కళ్ళు కనిపించవు. కనుక ఐదు నియమాలూ అక్కడ మరింత పట్టుగా పాటించాలి. ఒకరు పంపిన బాధను మరొక బృందానికి పంపరాదు. కోపంతో రాసిన జవాబును పంపే ముందు కొద్దిసేపు ఆగాలి. రాత్రివేళ ఎవరైనా నిరాశతో రాస్తే, దానికి బొమ్మ పంపి సరిపెట్టకుండా ఫోను చేసి గొంతు వినిపించాలి.

ఎవరైనా ప్రాణం తీసుకున్న వార్త వచ్చినప్పుడు ఈ బృందాల్లో జరిగే చర్చ మరీ ప్రమాదకరం. ఎలా జరిగింది, ఎక్కడ జరిగింది అన్న వివరాలు, ఫొటోలు క్షణాల్లో పాకిపోతాయి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1978లో భూగర్భ రైలు మొదలైన కొన్నేళ్ళకు ఆ పట్టాల మీద ఆత్మహత్యలు పెరిగాయి. పత్రికలు వాటిని సంచలనంగా, వివరంగా రాసేవి. 1987లో నిపుణులు పత్రికలకు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చారు. పత్రికలు పాటించాయి. ఆ ఏడాది రెండవ సగంలోనే అటువంటి ఘటనలు బాగా తగ్గిపోయాయి. భారత ప్రెస్ కౌన్సిల్ కూడా 2019లో ఇటువంటి మార్గదర్శకాలను స్వీకరించింది. పత్రికలకు వర్తించే సంయమనం మన చేతిలోని ఫోనుకూ వర్తిస్తుంది.

చట్టం మన పక్షాన ఉంది

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమంలో అగ్నిప్రమాదం జరిగింది. అక్కడి మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచారు. మంటలు అంటుకున్నప్పుడు వారు పరుగెత్తలేకపోయారు. 28 మంది మరణించారు. నయమవుతుందన్న ఆశతో అయినవారే వారిని అక్కడ వదిలి వెళ్ళారు. దేశమంతటినీ కలచివేసిన ఆ దుర్ఘటన తరువాత మానసిక రోగుల హక్కుల గురించి గట్టి చర్చ సాగింది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకోవడం రోగి హక్కు అని చెప్పింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నారని భావించి, శిక్షకు బదులుగా చికిత్స, సంరక్షణ, పునరావాసం అందించవలసిన బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. కేసు అవుతుందన్న భయంతో బాధితులను ఆసుపత్రికి తీసుకువెళ్ళకుండా దాచే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఫోను చేస్తే పగలైనా రాత్రైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. ఇంకా పెద్ద చికిత్స అవసరమైతే విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఆ ఆసుపత్రికి జనం పెట్టిన పేరును ఎగతాళిగా వాడటం మన ఇళ్ళలో మానుకోవాలి. పిల్లలు ఆ పేరును తిట్టుగా నేర్చుకుంటే, రేపు వారికే అవసరం వచ్చినప్పుడు ఆ గుమ్మం ఎక్కడానికి సిగ్గుపడతారు.

మనం చేయగలిగింది

పాఠకులు ఇది చదివాక పెద్ద సంస్థలు స్థాపించవలసిన పని లేదు. మీకు తెలిసిన ఇళ్ళలో కొద్దికాలంగా ఎవరు జమాతుకు రావడం తగ్గించారో, ఎవరు పెళ్ళిళ్ళకు రాకుండా ముఖం చాటేస్తున్నారో, ఎవరు ఫోను చేస్తే పొడిపొడిగా మాట్లాడుతున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. వారిలో ఒకరి దగ్గరికి ఈ వారం వెళ్ళండి. “ఎందుకిలా అయిపోయావు?” అని నిలదీయకండి. “నిన్ను చూడాలనిపించి వచ్చాను” అనండి. చెబితే వినండి. చెప్పకపోతే కలిసి టీ తాగి, మళ్ళీ ఏ రోజు వస్తారో చెప్పి రండి. చెప్పిన రోజున తప్పక వెళ్ళండి.

రెండవసారో మూడవసారో ఆ మనిషి నోరు విప్పితే, విన్నది మీ గుండెలోనే ఉంచుకోండి. వైద్యం అవసరమనిపిస్తే చిరునామా చెప్పి ఊరుకోకుండా వెంట వెళ్ళండి. ఆసుపత్రి వరుసలో పక్కన కూర్చోండి. ఎవరైనా ఎదురుపడి ఎందుకు వచ్చారని అడిగితే, “నేనే చూపించుకోవడానికి వచ్చాను” అనుకున్నా పరవాలేదన్నంత నిబ్బరంగా ఉండండి. అంతటి తోడు దొరికిన మనిషి ఆ వరుసలో నుంచి లేచి వెళ్ళిపోడు.